వాడుక వస్తువులు: వాస్తవిక కథలో ప్రతీకలు

కోటు, పర్సు, పట్టకారు, సిరాబుడ్డి, అలుకుగుడ్డ లాంటి రోజువారీ సామాను కథలో తన పని తాను చేస్తూనే ఒక మనిషి బతుకునో, ఒక వర్గం స్థితినో, ఒక కాలం తీరునో సూచించడం వాస్తవిక కథా సాహిత్యపు ముఖ్య లక్షణాల్లో ఒకటి. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి, రష్యన్ రచయితల చేతుల్లో ఈ పద్ధతి పండింది. ఇరవయ్యో శతాబ్దంలో భారతీయ భాషల కథకులు దాన్ని తమ నేలకు తగ్గట్టు మలుచుకున్నారు.

తెలుగులో ‘వస్తువు’ అన్న మాటకే రెండర్థాలున్నాయి. ఇంట్లో సామానూ వస్తువే, కథలో చెప్పదలచుకున్న సంగతీ వస్తువే. ఈ రెండు వస్తువులూ ఒకటైపోయిన కథలే ఇక్కడి విషయం.

పురాణంలో పాంచజన్యానికి ధర ఉండదు. అది అరగదు, పగలదు, దాన్ని ఎవరూ అప్పుచేసి కొనరు. వాస్తవిక కథలో వస్తువుకు ముందు ధర ఉంటుంది. మాసిక ఉంటుంది, మరక ఉంటుంది, దాన్ని ముట్టుకోగల చేతులూ ముట్టుకోకూడని చేతులూ ఉంటాయి. సూచన వీటిలోంచే పుట్టాలి. వాడకం ఎంత స్పష్టంగా కనిపిస్తే సూచన అంత దూరం పోతుంది. వాడకాన్ని మరిచిన రచయిత చేతిలో వస్తువు బొమ్మల కొలువులో బొమ్మయిపోతుంది.

సామాను కథలోకి వచ్చిన దారి

1719లో వచ్చిన డేనియల్ డెఫో నవల ‘రాబిన్సన్ క్రూసో’లో ఓడ మునిగి దీవికి చేరిన మనిషి మొదట చేసే పని సామాను లెక్కపెట్టుకోవడం. గొడ్డళ్ళు, మేకులు, తుపాకీమందు, రొట్టెలు. ఓడలో దొరికిన నాణేలను చూసి ఇవి ఎందుకూ కొరగావని, ఒక్క చాకు ఈ కుప్పకంటే నయమని అనుకుంటాడు. మరుక్షణం మనసు మార్చుకుని వాటినీ మూటగట్టుకుంటాడు. మనిషి లేని దీవిలో కూడా డబ్బు వదలని వర్తకుడి మనసు ఆ ఒక్క మూటలో తెలిసిపోతుంది. డెఫో అక్కడ వ్యాఖ్యానం చెయ్యలేదు, చెయ్యనక్కర్లేదు.

ఆ కాలంలోనే యూరప్ ఇళ్ళల్లోకి కొనుక్కొచ్చిన సామాను వెల్లువెత్తడం మొదలైంది. వంశం పేరుతో కాక కుర్చీలు, తెరలు, గ్లాసులతో మనిషి స్థాయిని కొలిచే రోజులు వచ్చాయి. బాల్జాక్ 1835లో పుస్తకంగా వెలువరించిన ‘ఫాదర్ గోరియో’లో పారిస్ పూటకూళ్ళ ఇంటిని వర్ణిస్తూ అక్కడి వాసన, జిడ్డు బల్లలు, ఒరిగిపోయిన కుర్చీలు అన్నీ ఏకరువు పెడతాడు. ఓపిక లేని పాఠకుడు ఆ పేజీలు దాటేస్తాడు. కానీ అవి దాటినవాడికి తర్వాతి ఘట్టం సగమే అందుతుంది. ఆ ఇంట్లో ఉండే ముసలాయన గోరియో దగ్గర భార్య పెళ్ళయిన తొలి ఏడాది ఇచ్చిన వెండిపళ్ళెం, గిన్నె ఉంటాయి. వాటిని ప్రాణంపోయినా వదలనని ఇంటావిడతో అంటాడు. ఒక రాత్రి పక్కగది కుర్రాడు తాళం కన్నంలోంచి చూస్తే, ముసలాయన ఆ వెండిసామానును తాడుతో బిగించి మెలిపెట్టి ముద్ద చేస్తున్నాడు, కూతురి అప్పు తీర్చడానికి. దాంపత్యం కరిగి పితృప్రేమగా, పితృప్రేమ కరిగి రొక్కంగా మారడం ఆ వెండిముద్దలో ఉంది.

ఎనభై రూబుళ్ల కోటు

వాడుక వస్తువును కథకు గుండెకాయగా చేసిన తొలి గొప్ప కథ గొగోల్ రాసిన ‘ఓవర్‌కోటు’ (1842). అకాకీ అకాకియేవిచ్ పీటర్స్‌బర్గ్‌లో నకళ్ళు రాసే గుమాస్తా. పాతకోటు దారాలు తేలి ఇక మాసిక కూడా పట్టని స్థితికి వస్తుంది. దర్జీ పెత్రోవిచ్ కొత్తది కుట్టించుకోక తప్పదంటాడు. ఎంత బేరమాడినా ఎనభై రూబుళ్లు. సగం కూడబెట్టినదుంది, మిగతా సగం కోసం గుమాస్తా సాయంత్రం టీ మానేస్తాడు, కొవ్వొత్తి వెలిగించడం మానేస్తాడు, చెప్పు అడుగు అరగకుండా వీధిరాళ్ళ మీద మునివేళ్ళతో నడుస్తాడు.

ఇక్కడ గొగోల్ చేసిన గొప్ప పని కోటు గుడ్డ లెక్క మొత్తం చెప్పడం. లోపలి గుడ్డ పట్టు కాదు, దళసరి నూలు. కాలరుకు మార్టెన్ బొచ్చు అందుబాటులో లేదు కాబట్టి దుకాణంలో ఉన్నవాటిలో మంచి పిల్లి బొచ్చు కొంటారు, దూరం నుంచి చూస్తే మార్టెన్‌లాగే ఉంటుందని. ఆ పిల్లి బొచ్చులో ఒక చిన్న ఉద్యోగి ఆశ, ఆ ఆశకున్న హద్దు రెండూ కనిపిస్తాయి. కోటు వేసుకున్న మొదటి రోజే అతణ్ణి తోటివాళ్ళు మనిషిగా గుర్తిస్తారు. ఆ రాత్రే దొంగలు దాన్ని ఒలుచుకుపోతారు. ‘కోటు గౌరవానికి ప్రతీక’ అని పరీక్ష పేపర్లో రాస్తే మార్కులు పడతాయేమో గానీ కథ అందదు. పీటర్స్‌బర్గ్ చలిలో కోటు లేకపోతే మనిషి చచ్చిపోతాడు, అకాకీ చచ్చిపోతాడు కూడా. ఆ చలి నిజం కాబట్టే గౌరవం మాట నిజమైంది. కథ చివర దయ్యం వస్తుంది, అక్కడ గొగోల్ వాస్తవికత గడప దాటాడు. పైన ఉన్న చలి ఎంత నిజమో తెలిసిన పాఠకుడు దయ్యాన్ని కూడా నమ్ముతాడు.

ఫ్లోబేర్: బారోమీటరు, చిలక

1857లో పుస్తకంగా వచ్చిన ‘మదామ్ బొవారీ’ మొదటి అధ్యాయంలోనే బడికి కొత్తగా వచ్చిన కుర్రాడి టోపీ వర్ణన వస్తుంది. అన్నిరకాల టోపీలూ కలగలిసిన ఆ వికారపు టోపీ అతని బతుకంతటికీ ముందుమాట. అంతకంటే లోతైనది పెళ్ళి పూలచెండు. పెద్దయ్యాక ఆ కుర్రాణ్ణి పెళ్ళాడి కాపురానికి వచ్చిన ఎమ్మా అతని ఇంట్లో మొదటి భార్య పెళ్ళి పూలచెండును చూస్తుంది. నేను చచ్చిపోతే నా చెండును ఏం చేస్తారో అనుకుంటుంది. కొన్నాళ్ళకు ఊరు మారేముందు సామాను సర్దుతుంటే తన చెండు తీగ వేలికి గుచ్చుకుంటుంది. ఆమె దాన్ని మంటలో పారేస్తుంది. ప్రశ్న ఒక అధ్యాయంలో, జవాబు మరో అధ్యాయంలో. రెండింటి మధ్యా ఒక్క మాట వివరణ లేదు.

ఫ్లోబేర్ 1877 నాటి కథ ‘ఒక అమాయక హృదయం’ సాహిత్య సిద్ధాంతంలో పెద్ద చర్చకే దారితీసింది. యజమానురాలి గదిలో పాత పియానో, దాని మీద పెట్టెల గుట్ట, పైన గోడకు బారోమీటరు ఉంటాయి. రొలాఁ బార్త్ 1968లో రాసిన వ్యాసంలో ఈ బారోమీటరునే ఎత్తి చూపాడు. పియానో యజమానురాలి వర్గాన్ని, పెట్టెల గుట్ట ఇంటి చిందరవందరను తెలుపుతాయి సరే, బారోమీటరు దేన్ని తెలుపుతుంది? దేన్నీ తెలపదు, ‘ఇది నిజం’ అని మాత్రం చెబుతుంది అని ఆయన వాదం. దీనికే ఆయన ‘వాస్తవ ప్రభావం’ అని పేరు పెట్టాడు. ప్రతి వస్తువుకూ అర్థం వెతికే విమర్శకులకు ఇది మంచి కళ్ళెం. అయితే ఈ వాదం పూర్తిగా నిలవదని నా అభిప్రాయం. పియానో ఎవరూ వాయించక సామాను కింద అణిగిపోయిన ఇంట్లో, వాతావరణాన్ని కొలిచే పరికరం మాత్రం గోడకు వేలాడుతోంది. బయటికి వెళ్ళే పనేమీ లేని ఇల్లది.

అదే కథలో దాసి ఫెలిసితే పెంచుకున్న చిలక చచ్చిపోతే దానిలో గడ్డి కూరించి దాచుకుంటుంది. ముసలితనంలో ఆ బొమ్మచిలకా చర్చిలోని పవిత్రాత్మ పావురమూ ఆమె మనసులో ఒకటైపోతాయి. అందరూ ఆ చిలక గురించే రాస్తారు. నాకు మాత్రం యజమానురాలి చచ్చిపోయిన పిల్ల టోపీ దగ్గరే కన్ను తడుస్తుంది. యజమానురాలూ దాసీ కలిసి పిల్ల బట్టల బీరువా తెరుస్తారు. చిమ్మటలు కొట్టేసిన చిన్న టోపీ దొరుకుతుంది. దాన్ని నాకియ్యండని దాసి అడుగుతుంది. ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు. అంతస్తు భేదం ఆ ఒక్కసారే, ఆ ఒక్క టోపీ ముందే చెరిగింది.

ఆనుకుని ఉన్న అర్థం

ప్రతీక అనగానే పోలిక గుర్తొస్తుంది: సింహం లాంటి రాజు, దీపం లాంటి జ్ఞానం. వాస్తవిక కథలో వస్తువు ఎక్కువగా పోలిక వల్ల కాక ఆనుకుని ఉండటం వల్ల అర్థం సంపాదిస్తుంది. భాషావేత్త రోమన్ యాకొబ్సన్ 1956లో ఈ తేడా చెబుతూ, అన్నా కరేనినా ఆత్మహత్య ఘట్టంలో టాల్‌స్టాయ్ చూపు ఆమె చేతిసంచి మీద నిలవడాన్ని ఉదాహరణగా చూపాడు. మన అలంకారికులకు ఇది కొత్త కాదు. గంగలో పల్లె ఉందంటే గంగ ఒడ్డున అని అర్థం చేసుకోవడం లక్షణ. పోలిక ఏమీ లేదు, పక్కనుండటమే సంబంధం. దాని మీదుగా చల్లదనమూ పావనత్వమూ స్ఫురించడం వ్యంజన. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వనిని, అంటే ఇలా స్ఫురించే అర్థాన్ని, మూడు రకాలు చేసి ఒకదానికి వస్తుధ్వని అని పేరు పెట్టాడు. అక్కడ వస్తువంటే సామాను కాదు, అలంకారం లేని వట్టి సంగతి. కానీ వట్టి సంగతి కూడా ధ్వనించగలదన్న ఆ గుర్తింపు గొగోల్‌కూ చెహోవ్‌కూ చక్కగా సరిపోతుంది.

అన్నా ఎర్ర చేతిసంచి నవల మొదట్లోనే రైలు ప్రయాణంలో కనిపిస్తుంది. చివర ఆమె రైలు మొదటి పెట్టె కింద పడబోతే చేతిలోంచి సంచి వెంటనే ఊడి రాక ఆ క్షణం దాటిపోతుంది. తర్వాతి పెట్టె కోసం ఆగాల్సివస్తుంది. చావబోయే మనిషిని చేతిసంచి ఒక్క నిమిషం ఆపింది. ప్రయాణాల్లో సంచి పట్టుకుని తిరిగిన ఎవరికైనా ఆ అడ్డు ఎంత మామూలుదో తెలుసు, ఘోరమంతా ఆ మామూలుతనంలోనే ఉంది.

చెహోవ్ ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’ (1899)లో గురోవ్ ప్రేయసిని వెతుక్కుంటూ ఒక చిన్న ఊరి హోటల్లో దిగుతాడు. బల్ల మీద దుమ్ము పట్టిన సిరాబుడ్డి, దాని మీద గుర్రపురౌతు బొమ్మ. చేయెత్తి టోపీ పట్టుకుని ఉంటాడు, తల విరిగిపోయింది. పలకరించే చేయి ఉంది, మొహం లేదు. చెహోవ్ ముందుకు సాగిపోతాడు, మనం అక్కడే ఉండిపోతాం.

దండ, దారం

మపాసా రెండు చిన్న కథల్లో వస్తువు విలువనే కథ చేశాడు. ‘నగ’ (1884)లో అరువు తెచ్చిన హారం పోతే దంపతులు 36 వేల ఫ్రాంకులకు అలాంటిదే కొనిచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్ళు గొడ్డుచాకిరీ చేస్తారు. చివరికి అసలు హారం నకిలీదని, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందని తెలుస్తుంది. ఈ కథను బళ్ళలో ఆఖరి మలుపు కోసం చదివిస్తారు. నాకు ‘దారం ముక్క’ (1883) ఎక్కువ నచ్చుతుంది. ఒక పొదుపరి నార్మన్ రైతు సంతలో నేల మీద పడి ఉన్న దారం ముక్క ఏరుకుంటాడు. అతను పోయిన పర్సు తీశాడని నింద పడుతుంది. పర్సు దొరికినా నింద పోదు. దారం దారం అని చెప్పుకుంటూనే చచ్చిపోతాడు. విలువలేని వస్తువును ఏరుకోవడమే పేదవాడి నేరమైంది.

తెలుగులో దీని పక్కన పెట్టదగ్గ పర్సు పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో ఉంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి అందుకున్న కథ ఇది. నీతినియమాల పెద్దమనిషి రావుగారు తుఫాను రాత్రి ఒక బిచ్చగత్తె ఒంటి వెచ్చదనంతో భయాన్ని గెలుస్తాడు. తెల్లారాక ఆమె చనిపోయి ఉంటుంది, ఆయన పర్సు ఆమె దగ్గర దొరుకుతుంది. అంతకు ముందు రోజైతే అది దొంగతనానికి రుజువు. ఆ రాత్రి గడిచాక అదే పర్సు ఆయనకు వేరే లెక్క చెబుతుంది.

పట్టకారు, కొనని దుప్పటి

ప్రేమ్‌చంద్ ‘ఈద్గా’ (1933)లో తల్లీతండ్రీ లేని హామిద్ పండగ సంతకు మూడు పైసలతో వెళ్తాడు. తోటిపిల్లలు మట్టిబొమ్మలూ మిఠాయిలూ కొంటారు. హామిద్ ఇనుప పట్టకారు కొంటాడు, రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ అమీనా వేళ్ళు కాలుతున్నాయని. దారిలో బొమ్మలకూ పట్టకారుకూ మధ్య వాదన జరుగుతుంది. భుజాన పెడితే తుపాకీ, చేత పడితే ఫకీరు పట్టకారు, మట్టి సిపాయి దీని ముందు ఆగడు. పిల్లవాడు పట్టకారును ఆటవస్తువుగా గెలిపించుకుని, ఇంటికొచ్చేసరికి మళ్ళీ వంటింటి వస్తువుగా నానమ్మ చేతిలో పెడతాడు. వస్తువు రూపకంగా మారి తిరిగి తన అసలు రూపానికి రావడం ఇంత తేటగా మరే కథలోనూ నేను చూడలేదు.

‘పూస్ కీ రాత్’ (1930)లో ఇంకో విద్య ఉంది. హల్కూ దుప్పటి కోసం దాచుకున్న మూడు రూపాయలు మొదటి పేజీలోనే అప్పులవాడి చేతికి పోతాయి. కథంతా ఆ కొనని దుప్పటే పరుచుకుని ఉంటుంది. పొలం కాపలాలో చలికి తట్టుకోలేక అతను కుక్కను కావలించుకుంటాడు, ఆకులు పోగేసి మంట వేసుకుంటాడు. పంటను మేసే జంతువుల చప్పుడు వినిపించినా లేవలేకపోతాడు. లేని వస్తువు కూడా ప్రతీక కాగలదు, దాని అవసరం ఒంటికి తెలిసేట్టు రాస్తే.

తెలుగు కథలో

గురజాడ ‘దిద్దుబాటు’ (1910) మూసిన తలుపు ముందు మొదలవుతుంది. అర్ధరాత్రి సానిపాట విని ఇంటికొచ్చిన భర్త తలుపు తట్టడంతో ఆధునిక తెలుగు కథ తలుపు తెరుచుకుంది.

విజయనగరం కథకుడు చాసో (1915–1994) ‘వాయులీనం’ ఈ విషయంలో తెలుగు కథకు మేలుబంతి. ఆ ఊళ్ళో 1919లోనే సంగీత కళాశాల వెలిసింది, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వాయులీనం నేర్పారు. అలాంటి ఊళ్ళో ఫిడేలు మధ్యతరగతి ఇంట్లో బీరువా, మంచం లాగే ఉండే వస్తువు. కథలో భార్య జబ్బుపడితే భర్త ఇంట్లోని ఫిడేలు అమ్మేస్తాడు. అతను దుర్మార్గుడు కాడు, ఆమెను బతికించుకోవాలనే అమ్మాడు. చాసో ఎవరినీ నిందించడు. ఫిడేలు అనకుండా కథకు వాయులీనం అని పేరు పెట్టడం చూడండి: గాలిలో లీనమైనది. ఆ ఇంట్లో సంగీతం అలాగే పోయింది.

కాళీపట్నం రామారావు ‘జీవధార’లో నీళ్ళ కోసం కదిలిన పేదపేట ఆడవాళ్ళ బిందెలున్నాయి. ఖాళీ బిందె మోసే మనిషి కోపం ఎంత బరువుగా ఉంటుందో కారా మాస్టారు అలంకారాలు లేకుండా చూపారు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ మన జానపదంలోంచి నేరుగా వచ్చింది. ఇల్లలుకుతూ అలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ తెలుగు పిల్లలందరూ విన్నదే. సత్యవతి ఆ ఈగ స్థానంలో ఒక చదువుకున్న ఇల్లాలిని పెట్టారు. ఇల్లు తుడిచి, అలికి, ముగ్గులు పెట్టి మెప్పు పొందిన ఆమె ఒక రోజు తన పేరేమిటో గుర్తురాక వెతుక్కుంటుంది. ఇక్కడ అలుకుగుడ్డ బానిసత్వానికి గుర్తని ఎవరూ చెప్పరు. ఆమెకు ఆ పని ఇష్టం కూడా, అందుకే కథ అంత గట్టిగా తగులుతుంది. అబ్బూరి ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’లో కుండీలో పొట్టిగా పెంచిన చెట్టును ఆడపిల్ల పెంపకంతో పోల్చే మాట పాత్ర నోటనే వస్తుంది. ఆలోచన పదునైనది, తెలుగు పాఠకులకు అది ఇచ్చిన ఎరుక చిన్నది కాదు. కథాశిల్పంగా మాత్రం, చెప్పిన ప్రతీక కంటే చెప్పని అలుకుగుడ్డే ఎక్కువ కాలం వెంటాడుతుంది.

ముందే అర్థం నిండిన వస్తువులు

తాళిబొట్టు, కుంకుమభరిణె, దీపం లాంటివి కథలోకి రాకముందే సమాజం చేతిలో ప్రతీకలైపోయాయి. వాస్తవిక రచయితకు ఇవి కష్టమైన సామాను. పాత సినిమాల్లో ఎవరికో ఆపద వచ్చిందంటే దీపం ఆరిపోయేది, కుంకుమ ఒలికిపోయేది. అక్కడ వస్తువు పనిచెయ్యదు, సంకేతం మాత్రమే ఇస్తుంది. తాళిని మంచి కథకుడు కుదువకొట్టు త్రాసులో పెడతాడు. అప్పుడు దానికి మళ్ళీ తూకం వస్తుంది, తులం ధర వస్తుంది, దాంతోపాటు కొత్త అర్థమూ వస్తుంది.

కులం ఉన్న చోట వస్తువును ఎవరు ముట్టుకోవచ్చన్నదే మొదటి అర్థం. ముల్క్ రాజ్ ఆనంద్ ‘అన్‌టచబుల్’ (1935)లో బఖా చేతిలో చీపురూ తట్టా ఉంటాయి, కాళ్ళకు సైన్యం బూట్లుంటాయి. రెండూ ఒకే ఒంటి మీద ఉండటమే ఆ యువకుడి చిక్కు. తమిళ రచయిత్రి బామ ‘కరుక్కు’ (1992) ఆత్మకథే గానీ ఇక్కడ చెప్పక తప్పదు. అందులో దళితవాడ పెద్దాయన ఒకరు భూస్వామికి తినుబండారాల పొట్లం తీసుకెళ్తూ, తన చేయి తగలకుండా కట్టిన దారం కొసను పట్టుకుని మోస్తాడు. చూస్తున్న చిన్నపిల్ల బామకు అది మొదట నవ్వు తెప్పిస్తుంది, కారణం తెలిశాక నవ్వు ఆగిపోతుంది. మపాసా దారం ముక్క కంటే బరువైన దారమిది. మన పల్లె హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి కూడా ఇలాంటిదే. ఆ వేరు గ్లాసును ప్రతీక అనడం నాకు ఒప్పదు, అది కులం అమలయ్యే పనిముట్టు.

విమర్శకుల వాదాలు

గ్యోర్గ్ లూకాచ్ 1936 వ్యాసంలో టాల్‌స్టాయ్, జోలా నవలల్లోని గుర్రప్పందేలను పోల్చి, పాత్రల బతుకుతో ముడిపడని వస్తువర్ణన వట్టి జాబితా అని తేల్చాడు. తీర్పు జోలాకు కొంచెం అన్యాయమే చేసినా సూత్రం సరైనది. ఇటీవలి విమర్శలో ఇలేన్ ఫ్రీడ్‌గుడ్ (2006) వేరే దారి తొక్కింది. నవలలోని వస్తువు ప్రతీక అవునా కాదా అని అడగక, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది. ‘జేన్ ఐర్’లోని మహాగనీ బల్లల వెనుక నరికిన అడవులూ బానిసల శ్రమా ఉన్నాయని చూపింది. ఈ చూపుతో చూస్తే ఇంగ్లీషు ఇళ్ళ ‘చింట్జ్’ తెరల మీది పూలు మనకు కొత్తగా కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దంలో ఆ అద్దకపు బట్టలు మచిలీపట్నం సహా కోరమాండల్ తీరం నుంచే ఓడలెక్కాయి. వాటి పోటీ తట్టుకోలేక ఇంగ్లండ్ 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి అడ్డుకుంది.

టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్ ‘అమాయకత్వపు మ్యూజియం’ నవల (2008) రాసి, అందులోని వస్తువులతో 2012లో ఇస్తాంబుల్‌లో నిజంగానే మ్యూజియం తెరిచాడు. నాయిక తాగి పడేసినవిగా 4,213 సిగరెట్ పీకలు అక్కడ గోడకు గుచ్చి ఉన్నాయి.

తెలుగు కథకు అలాంటి సామాను గది లేదు. కథలనైతే కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి కాపాడారు. ఆ కథల్లోని వస్తువులు మాత్రం వాడుకలోంచి జారిపోతున్నాయి. కుంపటి, ఉట్టి, తిరగలి, గూటిదీపం చూడని పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. నీళ్ళు నిలవచేసేది ఒకచోట గాబు, మరోచోట గోలెం. బావిలో నీళ్ళు తోడేది ఒకచోట చేద, మరోచోట బొక్కెన. వాడకం తెలియని పాఠకుడికి అవి వట్టి మాటలు, అతని దగ్గర వాటి ధ్వని పలకదు. పాత కథలను తిరిగి అచ్చువేసే ప్రచురణకర్తలు ప్రతి సంపుటి చివర నాలుగు పేజీలు ఈ వస్తువులకు కేటాయించాలి: పేరు, ఏ సీమ మాట, దేనితో చేస్తారు, ఎవరు వాడేవాళ్ళు, వీలైతే ఒక బొమ్మ. ఇంట్లో ఇంకా అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నవాళ్ళు ఆ పేర్లు ఇప్పుడే అడిగి రాసిపెట్టండి.